చిట్కుల్ గ్రౌండ్‌లో నేను ఎంచిన స్ట్రైకర్

మా క్లబ్‌కు రిక్రూట్‌మెంట్ డైరెక్టర్ ఎందుకు అని కమిటీ మీటింగులో అడిగింది నేనే. హైదరాబాద్ లీగ్‌లో కింది డివిజన్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్ మాది. ఆటగాళ్లను వెతికి తెచ్చే పని గ్రేస్ మేడంది. ఆవిడ ఒకప్పుడు స్కూల్లో పీఈటీ టీచర్. కిష్టారెడ్డిపేటలో ఉంటూ, పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లలోంచి మాకు ఆటగాళ్లను పట్టుకొస్తారు. రెండు సీజన్లుగా మేం గెలుస్తున్నది వాళ్ల వల్లే. అయినా ఆవిడకు నెలనెలా జీతం దండగని నాకు గట్టి నమ్మకం. "ఆదివారం మ్యాచ్ చూసి, బాగా ఆడేవాణ్ణి పిలుచుకురావడానికి ఒక డైరెక్టరా? బస్సు చార్జీలివ్వండి, నేనే తెస్తాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే తలకెక్కింది. అలా బయల్దేరాను. అటువైపు ఆదివారం ఫుట్‌బాల్ చూడాలనుకునేవాళ్ల కోసం దారీ ఖర్చూ రాస్తాను గానీ, ఇది గొప్పగా చెప్పుకునే ప్రయాణం కాదు. ఇందులో మనుషుల పేర్లన్నీ మార్చాను. ఆ పని ఆ రోజే చేసి ఉండాల్సింది.

ఏడింటికి మియాపూర్‌లో సంగారెడ్డి వెళ్లే బస్సెక్కాను. ఆదివారం కాబట్టి సీటు దొరికింది. టికెట్ యాభై లోపే. పటాన్‌చెరు దాటగానే మందుల వాసనా కాలిన రబ్బరు వాసనా కలిసి కిటికీలోంచి కొడుతుంది, అప్పుడు లేచి తలుపు దగ్గర నిలబడితే సరిపోతుంది. ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, చిట్కుల్ వైపు షేర్ ఆటో ఎక్కాలి, ఇరవై రూపాయలు. నైట్ డ్యూటీ దిగిన నలుగురు వెనక కూర్చుని నిద్రపోతున్నారు. నేను ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఒక్క తొడ మీద సర్దుకున్నాను.

"గ్రౌండ్ కాడికా సార్? ఆదివారమైతే గాడ జాత్రే. ఒడిశావోళ్లు, బెంగాలోళ్లు, జార్ఖండోళ్లు. మనోళ్లేమో గట్టు మీద కూసొని ఒర్రుతరు" అన్నాడు డ్రైవర్.

"ఆటగాళ్లను తీసుకెళ్లడానికి వచ్చాను, క్లబ్ తరఫున" అన్నాను, అతను అడగకపోయినా.

"అట్లనా? మరి గ్రేస్ మేడం రాలే?"

ఆటో అతనికి కూడా ఆవిడ తెలియడం నాకు నచ్చలేదు.

గ్రౌండంటే ప్లాట్లు వేసి అమ్ముడుపోక మిగిలిన ఎర్రమట్టి నేల. గోల్ పోస్టులు వెదురువి. గట్టు దగ్గర ఒకావిడ మరమరాల్లో వేడి బఠాణీ కూర కలిపి ముప్పై రూపాయలకు ఇస్తోంది. ఒడిశా కుర్రాళ్లే నేర్పారట. చాలా బాగుంది, ఖాళీ కడుపుతో వెళ్లండి. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టగానే ఆవిడ గరిటె ఆపింది.

"ఫోను లోపల వెట్టు సార్. మేడమైతే ఈడ ఎవ్వల్నీ తియ్యనియ్యది."

వేరే క్లబ్బులు ఎగరేసుకుపోకుండా మేడం ఆటగాళ్లను దాచుకుంటోందనుకున్నాను. నవ్వి ఊరుకున్నాను, ఫోన్ మాత్రం ఆపలేదు. ఎందుకంటే అప్పటికే జితు అనే ఒడిశా కుర్రాడు కనిపించాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. బంతి వచ్చేలోపే ఎటు తిరగాలో తేల్చుకుని ఉంటాడు. మూడు గోల్స్ కొట్టాడు. మూడోది ఇద్దరిని దాటి, గోల్‌కీపర్ కూర్చుండిపోయాక, మెల్లగా తోశాడు. నేను గట్టు మీద నిలబడి అరిచాను. ఆట అయ్యాక వెళ్లి చెయ్యి కలిపి, పేరూ పనిచేసే చోటూ కనుక్కుని, మా క్లబ్‌లో ఆడతావా అని అడిగాను.

"మేడంను అడగాలె భయ్యా. మేడం జెర ఆగమన్నది" అన్నాడు.

"మేడంతో పనిలేదు. నేను కమిటీ మెంబర్ని."

అతను నవ్వాడు గానీ ఆ నవ్వులో బెరుకు ఉంది. ఆ సంగతి నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గ్రౌండ్ దాటకముందే వీడియోను క్లబ్ పేజీలో పెట్టేశాను. 'జిన్నారం దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే జితు, ఈ ఉదయం చిట్కుల్‌లో. మన కొత్త స్ట్రైకర్!' అని పేరూ ఊరూ పూటతో సహా రాశాను. ఇస్నాపూర్ వచ్చి నూట ఎనభై పెట్టి బిర్యానీ తింటూ, వస్తున్న లైకులు చూసుకుంటున్నాను. అప్పుడు మేడం ఫోన్ చేశారు.

"ఏడున్నవ్? ఆడనే ఉండు" అన్నారు. అంతే, పెట్టేశారు.

స్కూటీ మీద వచ్చారు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, తెల్లచీర అంచు దారిలోని మసికి నల్లబడింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని లేబర్ కాంట్రాక్టర్ యాదగిరి గదికి తీసుకెళ్లారు. అక్కడ జితు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇంకా ఆట బట్టలే. యాదగిరి చేతిలో ఫోన్ ఉంది, అందులో నా వీడియో ఉంది.

"జరమొచ్చింది, లేవస్తలేదు అన్నడు మేడం. జరమొచ్చినోడు మూడు గోల్సు కొడ్తడా? వీడు రాలేదని రాత్రి డ్యూటీ చేసినోణ్ణే మళ్ల బాయిలర్ కాడ నిలవెట్టిన. వాడు కండ్లు తిరిగి పడితే ఎవల్ది జిమ్మేదారి? వీని గేట్ పాస్ తీసేస్తున్న."

యాదగిరి అన్నదాంట్లో తప్పు లేదు. జితు తప్పు చేశాడు, కాని ఆ తప్పును ఊరంతా చాటింపు వేసింది నేను. మేడం నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, యాదగిరితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. వాళ్ల పాప చదువు అడిగారు, రెండో డ్యూటీ పడిన మనిషికి ఎలా ఉందో కనుక్కున్నారు. జితు చేత అతనికి ఫోన్ చేయించి క్షమాపణ చెప్పించారు. నేను ఒక మూల నిలబడి వీడియోను పేజీలోంచి తీసేశాను. ఎవరైనా ఫోన్ లాక్కుని చూస్తారేమోనని గ్యాలరీలోంచి కూడా తుడిచేశాను. అది జితు కోసం చేయలేదు, నా పరువు కోసం చేశాను.

చివరికి యాదగిరి మెత్తబడ్డాడు. "మీ మొకం చూసి ఉంచుకుంటున్న మేడం. కాని ఇగ బాల్ ముట్టనని మీ ముంగటనే చెప్పాలె."

జితు తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను చూడలేక గుమ్మం బయటికి చూశాను.

బయటికొచ్చాక మేడం స్కూటీ దగ్గర ఆగారు. తాళం చేతిలో తిప్పుతూ అన్నారు: "ఆట చూసుడు పది నిమిషాల పని శ్రీకాంత్. వీడు ఆడతడని నాకు ఎండకాలమే ఎరుక. వచ్చే నెల నుంచి వీనికి ఆదివారం సెలవు ఇచ్చెటట్టు యాదగిరిని ఒప్పించిన. ఎన్నిసార్లు వచ్చి గా కుర్సీల కూసున్ననో! నువ్వు ఒక్క పూటల ఖరాబ్ చేసినవ్."

"ఇవన్నీ కమిటీకి చెప్పొచ్చు కదా మేడం" అన్నాను, సిగ్గు లేకుండా.

"మీరెన్నడన్న అడిగిన్రా?"

జితు మా వెనకే వచ్చి ఆగాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"భయ్యా, ఆ వీడియో పేజీల నుంచి తీసేసినవ్ గదా, మంచిగైంది. నాకు ఒక్కటి పంపియ్. నన్ను ఎవరూ ఎన్నడూ వీడియో తియ్యలే. ఊర్ల అమ్మకు చూపిస్త."

తుడిచేసిన సంగతి చెప్పలేక "పంపిస్తా" అన్నాను.

తిరుగు బస్సు నాలుగున్నరకు దొరికింది. లింగంపల్లి దాకా కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాను. తర్వాతి మీటింగులో జరిగింది చెప్పి, మేడం పోస్టు తీసేయాలన్న నా మాట వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మంచి ఆటగాణ్ణి గుర్తుపట్టడానికి కళ్లుంటే చాలని నేననుకున్నాను. కాని అతని బతుకులో ఆటకు కాస్త చోటు ఇప్పించడమే అసలు పని. ఆ పని చేసే మనిషి క్లబ్‌కు ఉంటే గెలుపు దానంతటదే వస్తుంది, లేకపోతే నాలాంటి వాళ్లు వస్తారు. మీరు చిట్కుల్ వెళితే తొమ్మిదిలోపు చేరుకోండి. ఆడేవాళ్లను అడగకుండా ఫోన్ తీయకండి, వాళ్లు సరేనంటే తీసిన వీడియో వాళ్లకు మాత్రమే పంపండి. ప్రతి ఆదివారం జితు నుంచి నాకు వాయిస్ మెసేజ్ వస్తుంది, 'భయ్యా, వీడియో?' అని. నెట్‌వర్క్ లేదని ఒకసారి, ఫోన్ పాడైందని ఒకసారి చెప్పాను. అతనికి తెలుగు చదవడం రాదు. అందుకే నిజం ఇక్కడ రాయగలుగుతున్నాను.