కోరా గుర్రాలు

మా తాత తలపాగా లేకుండా గడప దాటేవాడు కాదట. తాతల నాటి దేవిడీ భవంతి పోయింది, తలపాగాలు పోయాయి, నా కాలానికి మాదన్నపేటలో రెండు గదుల అద్దె ఇల్లు మిగిలింది. నేను చేసే చెక్క బొమ్మల విషయంలో మాత్రం ఆ పట్టింపు పోలేదు. రంగు, దాని మీద వార్నిష్ పడనిదే ఒక్క బొమ్మనూ ఇల్లు దాటనిచ్చేవాణ్ణి కాదు.

రెండువేల దశకం చివర్లో, మా తాత దగ్గర గుమాస్తాగా ఉన్నాయన మనవరాలు పదకొండు గుర్రాలు అడిగింది. కొడుకు పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు ఒక్కొక్కటి ఇస్తుందట. ఎవరి గుర్రం మీద వాళ్ల పేరు లేజర్‌తో చెక్కించాలి. ఇంకెవరి దగ్గర తప్పినా సరే, ఆ ఇంటి దగ్గర మాట తప్పకూడదనుకున్నాను.

మలక్‌పేటలో నేమ్‌ప్లేట్లు చేసే దుకాణం ఉండేది. దుకాణదారు ముందే చెప్పాడు.

"కోరా కట్టె తెండి సాబ్. రంగు తర్వాత ఏస్కోండి."

"మా బొమ్మలు బోసిగా బయటికి రావు" అన్నాను.

పుట్టినరోజు నాటి పొద్దున ఎర్రగా మెరిసే గుర్రాలు తీసుకెళ్లాను. మొదటిదాని మీద లేజర్ తాకగానే పెయింటు బుడగలుగా పొంగింది. కమురు కంపు కొట్టింది. అక్షరాల్లో నల్లటి జిగురు నిండింది.

"చెప్పిన గద సాబ్. ఇంటే కద మీరు" అని మిషన్ ఆపేశాడు.

సాయంత్రం ఐదింటికి గుర్రాలు అక్కడుండాలి. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య గాజు పెంకులు, గరుకు కాగితం పట్టుకుని ఆటోలో వచ్చింది. పేరు పడే పక్క మాత్రమే గీకి చూస్తే గుర్రానికి గజ్జి పట్టినట్టు కనిపించింది. మొత్తం గీకక తప్పలేదు. దుకాణం మెట్టు మీద, నడిరోడ్డుకు ఎదురుగా కూర్చున్నాం. స్కూటర్ ఆగిన ప్రతిసారీ తెలిసినవాళ్లేమోనని తల దించుకున్నాను. గీకినవి గీకినట్టు లోపలికి పంపాం. పాడైన గుర్రానికి రెండో పక్కన పేరు కొట్టించాం.

మళ్లీ రంగు వేసే వ్యవధి లేదు. ఐదు దాటాక గుమాస్తా మనవరాలి గేటు ముందు దిగాం. లోపల పిల్లల లొల్లి వినిపిస్తోంది. ఆమె ఒక గుర్రం తీసి వేలితో పేరు తడిమింది.

"రంగెయ్యలేదేంది?" అంది.

"పేరు చెక్కే గుర్రానికి రంగు వెయ్యం. మా ఇంటి పద్ధతి" అన్నాను.

"అట్లనా" అని తల ఊపి, గుర్రాలు లోపలికి పట్టుకుపోయింది.

ఆటోలో నా భార్య చాలాసేపు గోళ్లలో ఇరుక్కున్న ఎర్ర పెయింటు తీసుకుంటూ కూర్చుంది. చాదర్‌ఘాట్ దాటాక అడిగింది.

"మీ ఇంటి పద్ధతంటిరి గద, మరి మీ తాత తలపాగ ఏడ పెట్టి మర్చిపోయిండంట?"

నేను రోడ్డు వైపు చూస్తూ నిటారుగా కూర్చున్నాను.