రిలీవర్ వచ్చేదాకా

మొన్న ఒక సభలో ఆయన గురించి రెండు మాటలు చెప్పమన్నారు. వెనక ఫ్లెక్సీ మీద "స్ఫూర్తిప్రదాత" అని పెద్ద అక్షరాలు. ఆయనకు ఫ్లెక్సీలంటే ఒళ్లుమంట అన్నాను. జనం నవ్వారు. తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. ముందురోజంతా దవాఖానలోనే ఉన్నాను, నిలబడే ఓపిక కూడా లేదు. చెప్పాల్సింది చెప్పకుండానే దిగొచ్చానన్న బాధతో ఇది రాస్తున్నాను.

గోదావరిఖనిలో ఆయన్ను అందరూ కాకా అనేవారు. బొగ్గుబావిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. పంపు దగ్గర ఒక నియమం ఉంటుంది. షిఫ్టు అయిపోయినా సరే, రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి ఛార్జి తీసుకునేదాకా కదలకూడదు. కదిలితే బావిలో నీళ్లు పెరుగుతాయి. రిటైరయ్యాక కాకా ఆ నియమాన్ని తీసుకొచ్చి దవాఖానలో పెట్టాడు. నా అన్నవాళ్లు లేని రోగుల పక్కన మనిషిని కూర్చోబెట్టే చిన్న సంస్థ ఆయనది. నీళ్లు తాగించడం, మందులు తేవడం, సిస్టర్ని పిలవడం, ఊరికే పక్కన ఉండటం. ఇంతే పని. మూడు షిఫ్టుల్లో నడిచేది.

నేను చేరింది సేవ మీద ప్రేమతో కాదు, వేరే పని దొరక్క. జీతం పేరుకే. మొదటిరోజు నా షిఫ్టు అయిపోగానే సంచి భుజానికి తగిలించుకున్నాను. రావాల్సిన మనిషి ఇంకా రాలేదు.

"ఏడికి?" అన్నాడు కాకా.

"నా డ్యూటీ అయిపోయింది కాకా."

"మరి ఆ అవ్వకు దమ్ము తగ్గిందా? పొయ్యి అడుగు."

మంచం మీద ఎగపోస్తున్న అవ్వ నావైపే చూస్తోంది. సంచి దించాను. ఆ కోపం చాలా రోజులు పోలేదు.

ఛార్జి ఇవ్వడం కూడా బావి పద్ధతే. పోయే మనిషి ఒక్కో మంచం గురించి నోటితో చెప్పాలి, వచ్చిన మనిషి నిలబడి వినాలి. ఎవరు తినకుండానే తిన్నానంటారు, ఎవరికి లైటు ఆర్పితే భయం, అన్నీ. చెప్పాక ఇక పట్టించుకోకూడదు. "ఛార్జి ఇచ్చినంక మల్లొచ్చి తొంగిచూస్తే, ఆ మనిషిని నమ్మనట్టే" అనేవాడు.

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక మా షిఫ్టులు తారుమారయ్యాయి. బస్సులు బంద్. మావాళ్లలో సగం మంది దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. వాళ్లను తప్పు పట్టలేను, నాకూ అక్కడే కూర్చోవాలని ఉండేది. ఆ మాటే కాకాతో అన్నాను.

"సమ్మెల సుత పంపులు బంద్ పెట్టరు బిడ్డా. నీళ్లకు ఏం తెలుసు, పైన ఏం లొల్లి నడుస్తుందో?" అన్నాడు. అలాగని ఉద్యమం పట్టదని కాదు. కింద ఊరేగింపు పోతుంటే కిటికీ పట్టుకొని అందరికంటే గట్టిగా నినాదాలిచ్చి, ఆపైన దగ్గుతో కూలబడేవాడు.

అప్పటికే ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాత్రిపూట మేల్కొని కూర్చోవద్దని డాక్టరు చెప్పినా, రానివాళ్ల షిఫ్టులన్నీ తనే చేశాడు. సమ్మె ముగిసి మనుషులు తిరిగొచ్చినా వార్డులో తన కుర్చీ వదల్లేదు. ఒక్కో షిఫ్టుకు మనుషులున్నారు గానీ, సంస్థ మొత్తాన్ని భుజాన వేసుకునే మనిషి లేడు. ఒకరోజు ఆయన కూతురు నన్ను దవాఖాన గేటు దగ్గర ఆపింది.

"అన్నా, మా నాయినను ఇంటికి పంపియ్యవా? తన జాగల ఎవరన్న వస్తేనే లేస్తడు. నువ్వు గాకపోతే ఎవరొస్తరు? గట్లనే ఉంటే ఆ కుర్చీలనే పానం ఇడుస్తడు."

నిజానికి నేనే మానేద్దామనుకుంటున్నాను. బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల ఆఫీసులో పని మాట్లాడుకున్నాను కూడా. కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్లయిందో. ఆ సాయంత్రం కాకా కుర్చీలో కూర్చునే ఆయాసపడుతున్నాడు. చూడలేక, ఈ ఒక్క పూట ఇంటికి పంపిద్దామని దగ్గరికి వెళ్లాను.

"నేనొచ్చిన కాకా. నువ్వు ఇంటికి పో."

నా మొహంలోకి చూశాడు. లేచి నిలబడి ఛార్జి ఇవ్వడం మొదలుపెట్టాడు. మంచాలన్నీ అయిపోయాయి. ఆయన ఆపలేదు. ఏ సిస్టరుకు ఎలా చెబితే కోపం రాదు, చలికాలం దుప్పట్లు ఏ సేటు ఇస్తాడు, మనవాళ్లలో ఎవరు తాగి వస్తారు, దిక్కులేని శవాన్ని తీసుకెళ్లడానికి ఏ ఆటో అతను కాదనడు. ఇది ఒక్క పూటకు ఇచ్చే ఛార్జి కాదని అర్థమైంది. ఆపాలి. నేను మానేస్తున్నానని చెప్పాలి. ఆయనేమో ఊపిరి అందక మంచం కమ్మీ పట్టుకుంటున్నాడు, కాసేపాగి మళ్లీ చెబుతున్నాడు. అలాంటి మనిషిని ఎలా ఆపుతారు? నిలబడి విన్నాను.

"సమజైందా?" అన్నాడు చివరికి.

"సమజైంది కాకా."

చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

తెల్లారి చూడటానికి వస్తాడనుకున్నాను. రాలేదు. రాష్ట్రం వచ్చిందని ఊరంతా రంగులు చల్లుకున్నప్పుడూ అటు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లేవాణ్ని. ఛాయ్ తాగించేవాడు. వానల గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడేవాడు. వార్డు ఊసెత్తేవాడు కాదు. నా చేతుల్లోనే ఒకాయన ప్రాణం పోయిందని చెప్పబోతే, "గది ఇగ నీ పని బిడ్డా" అని ఇంకో గ్లాసు ఛాయ్ తెమ్మన్నాడు.

వార్డు ఎలా నడుస్తోందని ఒక్కసారి అడిగితే ఏం పోయేది? అడిగి ఉంటే చెప్పుకునేవాణ్ని, నా వల్ల కావట్లేదని, నడుము విరిగిపోతోందని. చనిపోయేదాకా అడగలేదు. నా మీద నాకే లేని నమ్మకం ఆయనకు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. ఇప్పటికీ అలసిపోయిన ప్రతిసారీ మానేద్దామనే అనుకుంటాను. మానేస్తున్నానని చెప్పాల్సిన ఒక్క మనిషీ లేకుండా పోయాడు.