పెనుగొలను కూడికకు ఎద్దుబండి మీద

డిసెంబరులో తిరువూరు వైపు వెళ్ళాలనుకుంటున్నాం, ఆ దారి ఎలా ఉంటుందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇప్పటి దారి సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నాకు బాగా గుర్తున్నది డెబ్భైల్లో ఒక క్రిస్మస్‌కు ముందు శనివారం చేసిన ప్రయాణం. అప్పుడు నేను బెజవాడలో ఒక బడిలో టీచరుగా ఉండేదాన్ని. మా అక్క కరుణమ్మ కాపురం తిరువూరు దాటాక గంపలగూడెం దారిలో ఉండే పెనుగొలనులో. ఆ ఏడు వానల్లో బావగారు దేవసహాయాన్ని పొలంలో పాము కరిచింది. నెమలి ఊరి బండాయన ఒకరు సమయానికి తిరువూరు ఆసుపత్రికి చేర్చబట్టి బతికారు. అందుకని క్రిస్మస్ ముందర ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పదిమందినీ పిలిచి, పాటలు పాడి, దేవుడు చేసిన మేలు చెప్పుకుని, కడుపునిండా భోజనం పెట్టడమే కూడిక అంటే.

అయితే బావగారికి ఒక్కటే దిగులు. ఆ బండాయన ఎన్నిసార్లు కబురు పెట్టినా రావడం లేదట. దారిలో కనపడితే బండి పక్కకు తిప్పేస్తున్నాడట. "ఆయనకి అందరి ముందూ వందనాలు చెప్పందే అది కూడికే కాదు" అని బావగారు పట్టుబట్టి కూర్చున్నారని తెలిసింది. వందనాల విషయంలో ఆయన అంతే. మావాళ్ళు ఎదురుపడితే వందనాలంటారు, విడిపోతే వందనాలంటారు. బావగారైతే బస్సు కండక్టరుకు కూడా చెప్తారు. ఇంట్లో భార్యకు చెప్పడం మాత్రం ఏ ఇంట్లోనూ వినలేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు తిరిగి చేతికివ్వడమే అక్కడ కృతజ్ఞత.

పొద్దున్నే బెజవాడలో మైలవరం మీదుగా తిరువూరు వెళ్ళే బస్సెక్కాను. టికెట్టు మూడు రూపాయల చిల్లర. ఒళ్ళో కేకు డబ్బా, కాళ్ళ దగ్గర చీరల సంచీ, పక్కన బుట్టలో రెండు కోళ్ళతో ఒక పెద్దాయన. కొండపల్లి దాటేవరకు చలి, ఆ తర్వాత దుమ్ము. నాకసలే సణుగుడు ఎక్కువ. మైలవరంలో టీ నీళ్ళలా ఉందని సణిగాను. ఎ.కొండూరు దాటాక రోడ్డు గుంతలకు సణిగాను. కృతజ్ఞత కూడికకు పోతూ దారి పొడుగునా సణుగుతున్నానన్న సంగతి నాకప్పుడు తట్టనేలేదు. కిటికీలోంచి పత్తి చేలు తెల్లగా విచ్చుకుని కనిపిస్తుంటే కాసేపు నోరు మూసుకున్నాను.

తిరువూరులో దిగేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. టీ కొట్టాయన్ని గంపలగూడెం బస్సు ఎప్పుడని అడిగాను.

"వచ్చినప్పుడండి" అన్నాడు.

"అసలు వస్తుందా?"

"నిన్న రాలేదండి. ఇవాళ రావాలి మరి."

ఆ మాట నమ్ముకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఆయనకే జాలేసినట్టుంది, తెలగపిండి బస్తాలు వేసుకుని నెమలి పోతున్న ఒక ఎద్దుబండిని ఆపాడు. బండి తోలే మనిషికి యాభై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. పేరు నాంచారయ్య. "ఊరి మొదట్లో దింపుతానండి. లోపలికి మాత్రం రాను" అని ముందే ఖరారు చేసుకుని ఎక్కించుకున్నాడు. డబ్బులేమీ అడగలేదు. బస్తా మీద గోనె పరిచి, "అమ్మగారూ, గట్టిగా పట్టుకోండి, వాగు దగ్గర ఊపుతుంది" అన్నాడు.

వాగు దాటాక అడిగాను, పెనుగొలనులోకి ఎందుకు రావని.

"ఏం చెప్పమంటారండి, మంచికి పోతే చెడు ఎదురైంది. వానల్లో పాము కరిచిన మనిషిని బండిలో వేసుకుని ఆసుపత్రికి తోలానండి. చుట్టూ తిరిగి పోతే ఆలస్యమని ఒకాయన పెసర చేలోంచి అడ్డంగా కొట్టా. పచ్చటి చేను తొక్కుడైపోయింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళేమో, నీ బండి సంగతి సాక్ష్యం చెప్తాం, శనివారం నువ్వు కూడా ఉండాలని మనిషి మీద మనిషిని పంపుతున్నారు. పెసర చేను మీద కేసు పెట్టారేమోనండి. సాక్ష్యాలూ కోర్టులూ మనకెందుకండీ?"

నాకు నవ్వాగలేదు. మా భాషలో సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలును పదిమందిలో లేచి చెప్పడం. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట కదా, బయటివాళ్ళ చెవికి అది కోర్టు మెట్ల మీద మాటలా వినపడుతుందని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఆ ఇంటి ఇల్లాలికి చెల్లెల్నని చెప్పి, సంగతంతా వివరించాను. నాంచారయ్య మాత్రం ఎద్దుల వైపే చూస్తూ విన్నాడు.

"మీరు వాళ్ళ బంధువులేగా. అలాగే చెప్తారు. పెసర చేను ఆసామి కూడా వస్తాడా అక్కడికి?"

ఆ సంగతి నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. దాంతో ఆయన ఎద్దుల్ని అదిలించాడు.

ఊరి మొదట్లో బండి ఆగేసరికి బావగారే ఎదురొచ్చారు. బస్సు రాలేదని తెలిసి, కర్ర పోటేసుకుంటూ నన్ను వెతకడానికి బయల్దేరారు. పాము కరిచిన రోజు స్పృహలో లేరు గనక ఆయనకు బండాయన ముఖం కూడా సరిగా తెలియదు, కనపడ్డప్పుడు పక్కవాళ్ళు చూపించాలి. నేను బండి దిగకుండానే, "బావగారూ, మీరు వెతుకుతున్న మనిషి ఈయనే. కోర్టు సాక్ష్యం అనుకుని పారిపోతున్నాడు" అన్నాను. బావగారు కర్ర పక్కన పడేసి, ఎద్దు పగ్గం పట్టుకున్నారు.

"కేసు లేదు, ఏం లేదు నాంచారయ్యా. ఆ ఆసామి ఇచ్చిన తాటాకులతోనే పందిరి వేశాం. చేను పోతే పోయింది, మనిషి దక్కాడుగా అన్నాడాయన. వచ్చి కాళ్ళు కడుక్కో" అన్నారు.

నాంచారయ్య పగ్గం పట్టుకున్న ఆ చేతికేసి చూసి, బండి ఊళ్ళోకి తిప్పాడు.

వాకిట్లో పందిరి, దాని ముందర వెదురు పుల్లలతో కట్టిన కాగితం నక్షత్రం. పొయ్యి మీద వేటకూర ఉడుకుతోంది, వెనక వసారాలో అరిసెల డబ్బా ఉంది. దీపాలు పెట్టే వేళకు జనం చాపల మీద నిండారు. పాటలయ్యాక బావగారు లేచి సాక్ష్యం చెప్పారు. దేవుడికి, ఆసుపత్రి డాక్టరుగారికి, చేను ఆసామికి, అందరికీ వందనాలు చెప్పి, చివరికి నాంచారయ్య భుజాల మీద కొత్త కండువా కప్పారు. ఇన్నాళ్ళ దిగులు తీరి ఆయన ముఖం వెలిగిపోయింది. పాస్టరుగారు నవ్వుతూ, "నాంచారయ్యా, నువ్వూ ఒక మాట చెప్పు" అన్నారు.

నాంచారయ్య లేచి కుడిచెయ్యి చాపాడు. "నెమలి వేణుగోపాలస్వామి మీద ప్రమాణం చేసి చెప్తున్నానండి..."

జనం గొల్లున నవ్వారు. "ఇక్కడ ప్రమాణాలు అక్కర్లేదు, చూసింది చెప్పు చాలు" అన్నారు పాస్టరుగారు.

"చూసిందే చెప్తానండి. నేను చేసిందేముంది, తోలింది ఎద్దులు. ఈ కరుణమ్మగారిని బండెక్కమన్నా. బరువైతే ఎద్దులు నెమ్మదిస్తాయని ఎక్కలేదండి. బండి వెనకాలే పరిగెత్తింది, తిరువూరు దాకా. చెప్పులు బురదలో ఎక్కడ పోయాయో. మధ్యలో ఆగుదామంటే నన్నే తిట్టిందండి, ఆగితే ఊరుకోనని. ఆసుపత్రి మెట్ల మీద రక్తం అడుగులు పడ్డాయి. ఇదండి నేను చూసింది."

ఎవరూ నవ్వలేదు. ఆసుపత్రికి బావగారిని చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్క పాదాలకు కట్లు చూశాను నేను. ఏమైందని అడిగితే, నాట్లలో ముళ్ళు దిగాయంది.

బావగారు వంటపొయ్యి వైపు తిరిగారు. అక్క గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా" అంది అక్క.

ఆయన కర్ర లేకుండానే చాపలు దాటుకుంటూ ఆమె ముందుకు వెళ్ళి, రెండు చేతులూ జోడించారు. "వందనాలు, కరుణమ్మా."

అక్క ముఖం చీర చెంగుతో ఒకసారి తుడుచుకుంది. "చాల్లెండి. అన్నం చల్లారిపోతోంది. ముందు నాంచారయ్య అన్నయ్యకి వడ్డించండి" అంది. ఎవరింట్లో ఎవరు తింటారన్నది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నాంచారయ్య చాప మీద కూర్చుని రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు.

ఆ ఇంట్లో నేర్చుకున్నది నాకు ఇప్పటికీ పనికొస్తోంది. పెద్ద మేళ్ళకు వందనాలు చెప్పడం మాకు చిన్నప్పటినుంచే అలవాటు చేశారు. బండి వెనకాల పరిగెత్తేవాళ్ళు మాత్రం మన వెనకే ఉంటారు గనక కనపడరు, వెనక్కి తిరిగి అడగాలి. మర్నాడు ప్రయాణం బస్సులోనే, అదే దుమ్ము, అవే గుంతలు. సణగలేదని అబద్ధం చెప్పను, కాస్త తగ్గించాను. బెజవాడలో తలుపు తీసి, పొయ్యి మీద నాకోసం కాఫీ పెట్టి ఉంచిన మా ఆయనకు వందనాలు చెప్పాను. ఒంట్లో బాగాలేదా అని నా నుదురు పట్టుకుని చూశారు.

మీరు డిసెంబరులో అటు వెళ్తే పొద్దుటి బస్సే ఎక్కండి, తిరువూరులో దిగాక పల్లె దారికి పగటి వెలుగు మిగులుతుంది. దుప్పటి మరిచిపోవద్దు. ఏ ఊళ్ళోనైనా కూడికకు ఎవరినైనా పిలవాల్సి వస్తే, సాక్ష్యానికి రమ్మనకండి, భోజనానికి రమ్మనండి.