గాజుతొట్టిలో నువ్వులు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. ఇది చదివి, పెద్దింటివాడు చివరికి దారికొచ్చాడని ఎవరైనా సంబరపడితే అది వాళ్ల తొందరపాటు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది విడవలూరు దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. తాతలనాటి పొలాలు మా నాయన చేతిమీదుగానే పోయాయి. ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం. పందొమ్మిదివందల అరవైల్లోకి వచ్చేసరికి మాకు మిగిలింది మిద్దెలో ముందు భాగం, అందులో ఒక హాలు, హాల్లో ఒక గాజుతొట్టి.

ఆ తొట్టి నాయన మంచిరోజుల్లో మద్రాసులో చేయించి తెచ్చింది. ఇనుప చట్రం, మందపాటి అద్దాలు, మంచమంత పొడవు. అందులో ఒకే ఒక గౌరామి చేప. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేదట. మా పొలాలు తగ్గుతున్నకొద్దీ అది పెరిగి మూరెడు దాటింది. నుదురు ఎత్తుగా, పెదవులు లావుగా, పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషిలా ఉండేది.

ఊళ్లో దాన్ని దొరచేప అనేవాళ్లు. అయ్యకు గంజి, దొరచేపకు అరటిపండు అని మా వెనక నవ్వుకునేవాళ్లు. నిజమే. నాయన గంజి తాగి దానికి పండు పెట్టేవాడు. దాచుకోవలసిన పనేమీ లేదు. మా బావుల్లో నీళ్లు ఉప్పన. అందుకని కాలవనీళ్లు కావడితో తెప్పించి, కొంచెం తీసి కొంచెం పోసేవాడు. నీళ్లన్నీ ఒక్కసారి మారిస్తే అది బతకదని చెప్పేవాడు.

చేప ఆయన చేతినుంచి తప్ప తినేది కాదు.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, ఆ సమయానికి నిలవున్న నీళ్లన్నీ పారబోస్తారు. బిందెలు, కాగులు, అన్నీ బోర్లిస్తారు. నాయన పోయిన రోజు మా మేనత్త అదే పని చేయిస్తూ హాల్లోకి వచ్చి, తొట్టి ముందు ఆగింది.

“ఇది కూడా వంచెయ్యరా అబ్బయ్యా. అన్న పోయేటప్పుడు ఇంట్లో ఉండిన నీళ్లు. పెట్టుకున్నావంటే ఆయన యాడికీ పోలేడు.”

చేపను కాలవలో వదలమంది. కాలవలో వదిలితే పొద్దుగూకేలోగా ఎవరి చట్టిలోనో ఉడుకుతుంది. మా ఇంట్లోంచి ఒక్కొక్కటీ బయటికి పోతుంటే తలుపు పట్టుకుని చూసినవాణ్ణి నేను. “ఇది పోదు అత్తా” అన్నాను.

అయితే ఆ రోజునుంచి చేప తినడం మానేసింది. నేను వేసిన పండు తేలుతూ కుళ్లిపోయేది. చేప మూలన, అడుగున, కదలకుండా ఉండేది. అత్త రోజూ వచ్చి చూసి పోయేది.

పదోరోజు అందరం కాలవగట్టుకు వెళ్లాం. ఆ పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కిటికీలు మూసి, వాకిలికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నది నేనే. పిండానికి అన్నం గట్టుమీదే కొత్తకుండలో వండి, నల్లనువ్వులు కలిపాం. ఆకులో పెట్టి పక్కకు జరిగాం.

తుమ్మచెట్టు నిండా కాకులు. ఒక్కటీ దిగలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందంటారు. అది తీరుస్తామని పైకి చెప్పాలి. అత్తకొడుకు, మా బావ, “మామ కాఫీ లేంది ఏ పని మొదలుపెట్టినాడు?” అని కాఫీ తెప్పించి పెట్టాడు. కొందరు నవ్వారు. కాకులు చూస్తూ కూర్చున్నాయి.

అప్పుడు అత్త నావైపు తిరిగింది. “ఆ నీళ్లు పారబోస్తానని చెప్పు. కాకి దిగుతాది.”

పురోహితుడు కూడా, అనేస్తే పోయేదేముంది బాబూ అన్నాడు. చెప్పి చెయ్యకపోవడం మా ఇంట్లో లేదు. “చెయ్యను. చెయ్యనిది చెప్పను” అన్నాను.

“అయితే మీ నాయన ఆకలితో పోతాడు” అంది అత్త.

నేను మాట మార్చలేదు. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి పిండానికి తాకించాడు. పిండాన్ని కాలవలో వదిలింది నేనే. అది విడిపోయి నీళ్లలో కొట్టుకుపోవడం కళ్లారా చూశాను.

ఇంటికి వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి వెళ్లాను. అత్త నా వెనకే ఉంది.

తొట్టి అడుగున అన్నం మెతుకులు. వాటిమధ్య నల్లనువ్వులు. చేప ఎగరకుండా తొట్టిమీద వేసిన ఇనుప జాలీ, దానిమీద బరువుకు పెట్టిన రుబ్బురోలు పొత్రం, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చేప మూల వదిలి వచ్చి, ఒక్కో మెతుకూ ఏరుకుని తింటోంది.

పొత్రం దించి, జాలీ తీసి, చెయ్యి పెట్టి ఒక గింజ పైకి తీశాను. వేళ్లమధ్య నలిపి చూశాను. నువ్వుగింజే.

అత్త గడపమీద కూలబడింది. “అన్న దానికి పెట్టుకున్నాడు. ఇంక కాకి ఎందుకు ముడుతుందిరా” అంది. ఆ తరవాత తొట్టి ఖాళీ చెయ్యమని ఆమె గాని, ఇంకెవరు గాని అనలేదు. మర్నాటినుంచి చేప నా చేతినుంచి తిన్నది. చాలా ఏళ్లు బతికింది.

ఎన్నో విధాల ఆలోచించాను. మిద్దె ఇల్లు, కాకి దూరే సందు లేదు. చెవి నా నడుమునే ఉంది. గట్టుమీదికి రానివాళ్లు మా వాళ్లలో ఎవరూ లేరు.

నాయనే పెట్టాడన్న అత్త మాట ఒప్పుకుంటే పంతంలో నేనే నెగ్గినట్టు. నాయన కడుపు నిండి వెళ్లినట్టు. రెండూ నాకు కావలసినవే. అయినా ఒప్పుకోను. ఆ అన్నం అక్కడ ఎవరు పెట్టారో నాకు తెలియదు.