బేతంచెర్లలో పడిన ఉల్క

ఒకే ఒక్క ఇనుపగుండుతో బడి మొత్తాన్ని ఏడిపించి, ఆ బడిలోనే ఉద్యోగం సంపాదించినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి.

ఇంజనీరింగ్ అయ్యి ఏడాదిగా ఖాళీగా ఉన్నాను. బేతంచెర్లలో ఒక ప్రైవేటు బడివాళ్ళు సైన్సు మాస్టరు కావాలని, ముందు ఒక పాఠం చెప్పి చూపించమని పిలిచారు. ఇదీ పోతే మామ బండల లారీల మీద పనే గతి అని ఇంట్లో తీర్మానం. పాఠం నేనే ఎంచుకున్నాను: గ్రహాల మీద ఉల్కలు పడి చేసే గుంతలు.

నేను పద్ధతిగల మనిషిని. పళ్ళెంలో అడుగున బండల పాలిష్ ఫ్యాక్టరీ తెల్లపొడి, దానిపైన అంగారకుడి మట్టిలా ఎర్రపొడి ఉండాలి. ఉల్కకు బదులు ఇనుపగుండు పడగానే అడుగు తెలుపు ఎగిరి, ఎరుపు మీద కిరణాల్లా పరుచుకోవాలి. ఎరుపు కోసం కుంకుమ అడిగితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"కుంకుమ మీద రాళ్ళేస్తావా? చదివిన చదువంతా యాడ పోయిందిరా?"

సరే, వంటింట్లో ఇంకో ఎరుపు ఉంది. అమ్మ కొత్తగా మిల్లులో పట్టించిన ఎండుమిరప కారం. రంగు సరే, మెత్తదనం సరే, తడి లేదు. మూడు పరీక్షలూ నెగ్గింది. నాలుగోది ఒకటుందని, దానికి ఒకసారి ముక్కుతో వాసన చూస్తే చాలని నాకు తోచలేదు.

తరగతి నిండా పిల్లలు. వెనక బెంచీలో బడి యజమాని, కరస్పాండెంటుగారు. నెత్తిన ఫ్యాను ఫుల్లు స్పీడులో ఉంది. నేను బెంచీ ఎక్కి గుండు వదిలాను.

గుంత అద్భుతంగా వచ్చింది. చుట్టూ గట్టు, తెల్లటి కిరణాలు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. చూడటానికి తెరిచిన కళ్ళే లేవు. లేచిన ఎర్రమేఘాన్ని ఫ్యాను ఎవరికీ తక్కువ కాకుండా పంచింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో పక్క తరగతులతో సహా బడంతా పడింది. టపాకాయల సరంలా తుమ్ముకుంటూ అందరం కొళాయి దగ్గరికి పరుగెత్తాం.

కరస్పాండెంటుగారు ముఖం కడుక్కుంటూనే, ఈయప్ప చెప్పింది ఏమన్నా అర్థమయిందా అని పిల్లల్ని అడిగారు. నేను మనసులో మామ లారీ ఎక్కేశాను. ఇంతలో ఒక పాప ముక్కు చీదుకుని అందుకుంది.

"అయింది సార్. రాయి శానా చిన్నది. గుంత దానికంటే పెద్దది. లేచే దుమ్ము ఇంకా పెద్దది. అది పడినకాడ లేనోళ్ళు గూడా తప్పించుకోలేరు."

మిగతా పిల్లలు తుమ్ములతోనే అవునన్నారు. ఆయన నావైపు తిరిగారు.

"ఇన్నేండ్లలో ఈళ్ళకు ఒక పాఠం ఇంత లోపలికి ఎక్కింది ఇదే మొదులప్పా. సోమవారం నుంచి రా."

నేను కళ్ళు తుడుచుకున్నాను. సగం ఆనందం, సగం కారం.

"తర్వాతి పాఠం ఏంది?"

"శుక్రగ్రహం సార్. అక్కడి మేఘాలన్నీ గంధకామ్లం, అంటే యాసిడ్."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. "అది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పప్పా."

ఆనాటి నుంచి నేను ప్రతిజ్ఞాబద్ధుణ్ణి: సౌరకుటుంబంలో ఎంతటి గ్రహమైనా సరే, నా తరగతిలోకి రావాలంటే ముందు నా ముక్కు దగ్గర హాజరు వేయించుకోవాలి.