దొర కారు బ్రేకులు

నేను జనగామలో కార్లు, లారీలు బాగుచేసే రోజుల్లో ఇప్పటిలా డిస్కు బ్రేకులు లేవు. చక్రం లోపల ఇనుప డ్రమ్ము ఉండేది. పెడలు తొక్కితే రెండు బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకునేవి. షూల మీది లైనింగు అరిగిపోతే కొత్తది కోసి, రివిట్లు కొట్టి బిగించేవాణ్ణి. చేతికి బాగా పట్టుబడిన పని. అందుకే ఆ తప్పు తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

సంఘం వాళ్లు ఊరూరా దొరల గడీలను ఎదిరిస్తున్న కాలం అది. బచ్చన్నపేట వైపు నుంచి ఒక దొర కారు నా షెడ్డుకు వచ్చింది. దాన్ని నడిపేది నెల్లికుదురు మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. వచ్చినప్పుడల్లా తన సద్దిలో సగం నా ముందు పెట్టి, నేను తినేదాకా కదిలేవాడు కాదు.

చక్రాలు విప్పి చూస్తే నాలుగింటికీ లైనింగు అయిపోయి, రివిట్లు డ్రమ్మును గీరుతున్నాయి. సాయంత్రానికి అన్నీ మార్చాను. ముందరి కుడి చక్రం దగ్గర మాత్రం ఇంకో చిక్కు కనబడింది. గ్రీజు బ్రేకులోకి కారకుండా ఆపే తోలు రింగు చీలి ఉంది. గ్రీజు కారిందంటే ఆ చక్రానికి బ్రేకు పట్టదు, తొక్కగానే బండి ఎడమకు లాగేస్తుంది. కొత్త రింగు సికింద్రాబాద్ నుంచి రైల్లో రావాలి.

పక్కన కూర్చున్న డ్రైవరన్న కూడా అది చూశాడు.

"రింగు చినిగింది గదా తమ్మీ. రెండ్రోజులు ఆగుమంటే ఆగుత. దొరకు నేను చెప్పుకుంట," అన్నాడు.

మర్నాడు పొద్దున మానుకోటలో నాకు పెళ్లిచూపులు. దొర కారు షెడ్డులో ఉంటే నేను అక్కడి నుంచి కదలలేను. పాత రింగునే పెట్రోలుతో కడిగి, తిప్పి బిగించాను.

"ఏం గాదన్నా. ఇంకో నెల నడుస్తది," అన్నాను.

ఆయన నా మాట నమ్మి కారు తీసుకుపోయాడు.

నాలుగో రోజు దొర ఊరి చెరువు కట్ట మీద మేకల మంద ఎదురైతే బ్రేకు తొక్కాడట. కారు ఎడమకు లాగి కట్ట కిందికి దొర్లింది. దొరకు చెయ్యి విరిగింది. డ్రైవరన్నకు చిన్న గీత కూడా పడలేదు. అదే ఆయన పాలిట శాపమైంది. సంఘపోళ్లతో కలిసి బ్రేకులు పాడుచేశాడని గడీలో స్తంభానికి కట్టి కొట్టారు. షెడ్డులో ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడిగితే, "లేదు, ఆడ మంచిగనే చేసిండు" అన్నాడట. కుడి మోకాలి చిప్ప పగిలేదాకా కొట్టారు.

ఈ సంగతి ఆ ఊరి నుంచి వచ్చిన బండివాళ్లు చెప్పారు. నేను రెండు రోజులు షెడ్డు మూసి ఇంట్లో కూర్చున్నాను. నా కోసం ఎవరూ రాలేదు. వెళ్లి నిజం చెబితే ఆయన్ను వదిలేవారో లేదో నాకు తెలియదు. నేను వెళ్లలేదు.

కొన్నాళ్లకు సంఘం మనుషులు ఇద్దరు షెడ్డుకు వచ్చారు.

"మంచి పని చేసినవ్ తమ్మీ. మాకు ఎరుకైంది," అని ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

నేను తల దించుకున్నాను. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. ఆ మాట ఊళ్లు దాటి మానుకోటకూ చేరింది. ఆలోచించి చెప్తామన్న పిల్ల తండ్రి, "గసొంటి గుండె ఉన్నోనికే నా బిడ్డనిస్త" అని కబురు పెట్టాడు. పెళ్లిలో ఆయనా, చుట్టాలూ నన్ను కూర్చోబెట్టి అడిగితే, రింగును ఏ పనిముట్టుతో ఎలా చీల్చానో నా నోటితో నేనే చెప్పాను. అప్పుడు తల దించుకోలేదు. నవ్వాను కూడా.

యూనియన్ సైన్యం వచ్చాక ఆ దొర ఊరు విడిచి పట్నం పోయాడు. నేనూ షెడ్డు మానుకోటకు మార్చుకున్నాను. అక్కడి నుంచి డ్రైవరన్న తిరిగి చేరిన నెల్లికుదురు ఎంతో దూరం లేదు. అయినా వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది.

డ్రైవరన్న వాకిట్లో మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. కుడి కాలు కర్రలా చాచి ఉంది. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఏమే, ఎవరొచ్చిండ్రో చూడు. దొర కారు బోర్లేసిన తమ్ముడు గీనే," అని భార్యను పిలిచాడు. తర్వాత నాతో, "కొడుతుంటే నీ పేరు నాలిక మీదికొచ్చింది తమ్మీ. మింగిన. చినిగిన రింగు పెట్టి సంఘం కోసం నువ్వు గంత సాహసం చేస్తే, నేను గీ దెబ్బలకు ఓర్వనా అనుకున్న," అన్నాడు.

నేను నిలబడే చెప్పాను. "లేదన్నా. సంఘం కోసం చేయలే. తెల్లారి పెళ్లిచూపులుండె. జల్ది పోవాల్నని పాతదే బిగించిన."

తాడు పేనే చేతులు ఆగిపోయాయి.

"గీ ముచ్చట చెప్పకపోతే బాగుండు. గిన్నొద్దులు నా కాలు ఒక మంచి పనికి పోయిందనుకున్న."

వదిన మంచినీళ్ల చెంబు నా ముందు పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లింది. మానుకోటకు వచ్చి నా షెడ్డులో కూర్చుని చేసే పని చూసుకొమ్మని డ్రైవరన్నను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత కొన్నాళ్లకు ఘనపూర్‌లో ఉన్న బావమరిది దగ్గరికి వెళ్లిపోయారని విన్నాను. మళ్లీ ఆయన్ను చూడలేదు.

నెల్లికుదురు వెళ్లిన ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె వంట చేసి పెట్టింది. మూడో రోజు బట్టలు ఆరేస్తూ అడిగింది.

"అయితే పెండ్లిల మా నాయినకు చెప్పిందంత అబద్ధమేనా?"

"అవును."

"ఆయనకు మాత్రం చెప్పకు," అన్నది.

మామ ఇంకా పంతొమ్మిదేళ్లు బతికాడు. ఎవరింటికి వెళ్లినా ఆ కథ చెప్పేవాడు. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి.