ఆపకూడని ఇంజన్

యాభైల్లో, రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మార్కాపురం నుంచి గిద్దలూరు పోతుంటే, కంభం దాటాక మా బస్సుకు అడ్డంగా ఒక పాత బుల్డోజర్ నిలిచిపోయి ఉంది. దాని డ్రైవరు బ్యాటరీ తీగల చివర్లు గీకి బిగించినా లాభం లేకపోయింది. చివరికి మా బస్సు బ్యాటరీ తగిలిస్తే ఇంజన్ కదిలింది. కానీ చార్జి చూపే మీటరు ముల్లు లేవలేదు.

“డైనమో చార్జి చేయడం లేదన్నా. ఇప్పుడు ఆపితే మళ్ళా స్టార్టు కాదు” అన్నాడు నాతో.

వాన ముంచుకొస్తోంది. ఆలోగా వాగు పక్కన కట్ట పూర్తికాకపోతే కొత్త రోడ్డు కొట్టుకుపోతుంది. నిజానికి అతను మా బస్సే ఎక్కాలి. గిద్దలూరు ఆసుపత్రిలో భార్య ప్రసవించిందని కబురొచ్చింది, పుట్టిందెవరో తెలియలేదు. పాత చీర గుడ్డలున్న సంచి నా చేతికిచ్చాడు.

“మా ఇంటామెకు ఇయ్యన్నా. నేనెందుకు రాలేదో చెప్పు.”

ఆసుపత్రిలో ఆమెను వెతికి సంచి ఇచ్చి, సంగతంతా చెప్పాను. కోపగించుకోలేదు.

“బండి లేసింది గదా, అదే చాలు. తిరిగి పోయేటప్పుడు కనపడితే చెప్పన్నా, ఆడపిల్ల, అంతా ఆయన పోలికే అని.”

మరునాడు తిరిగి వస్తుంటే, రాత్రంతా వాన కురిసినా రోడ్డు చెక్కుచెదరలేదు. ఇంజన్ ఇంకా మోగుతూనే ఉంది. బస్సు కిటికీలోంచి అరిచాను.

“ఆడపిల్ల. అంతా నీ పోలికే.”

అతను చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ చెప్పమని సైగ చేశాడు. మొదటిసారే విన్నాడని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా మళ్ళీ చెప్పాను.